చేపలు పడవు, మాటలు మాత్రం పడుతున్నాను

పేరు రాయొద్దన్న ఒక పాఠకుడు టెక్సాస్‌లోని లియాండర్ నుంచి నాలుగు పేజీల ఉత్తరం పంపారు. సారాంశం ఇది.

ఆయనకు నలభై మూడేళ్లు. సొంతూరు కోనసీమ. చిన్నప్పుడు తాతయ్య పక్కన కాలవగట్టు మీద కూర్చుని, వానపాము గుచ్చి గాలం వేసిన అనుభవం ఉంది. పదమూడేళ్లుగా ఆస్టిన్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పక్కింట్లో డెబ్బై దాటిన అమెరికన్ పెద్దాయన ఒకరు రోజూ సాయంత్రం ఇంటి ముందు గడ్డిలో నిలబడి ఫ్లై రాడ్ (ఈకలు కట్టిన తేలికపాటి కొక్కెం, అంటే ‘ఫ్లై’ని, విసిరి చేపలు పట్టే కర్ర) విసురుతుండేవారట. కిందటేడు అక్టోబరులో ఈయన్ని పిలిచి చేతికిచ్చారు. రెండు శనివారాలు శాన్ గేబ్రియల్ నదికి తీసుకెళ్లారు. తేనె రంగులో ఉన్న తన పాత ఫైబర్‌గ్లాస్ రాడ్‌ని ‘ఇది నీ దగ్గరుంచుకో’ అని ఇచ్చేశారు. ఫిబ్రవరిలో ఆయన పోయారు.

అప్పట్నుంచి మన పాఠకుడు ఒక్క శనివారం కూడా మానలేదు. ఉదయం తొమ్మిదికి వెళ్లి రెండింటికి వస్తారు. మొదలుపెట్టిన ఈ ఎనిమిది నెలల్లో పడినవి మూడు చేపలు. విసిరినప్పుడల్లా వెనకాల కొరడా చప్పుడు, చూస్తే ఫ్లై ఊడిపోయి ఉంటుంది, లేదా చెట్టుకు తగులుకుంటుంది. ఏప్రిల్‌లో కారు డిక్కీ మూస్తుంటే ఆ పాత రాడ్ కొస రెండంగుళాలు విరిగింది. వారం తిరక్కుండా కొత్త గ్రాఫైట్ రాడ్, రీలు, నీళ్లలో నడిచే బూట్లు కలిపి పద్నాలుగు వందల డాలర్ల సామాను కొన్నారు. కార్డు బిల్లు ముందు భార్య చూసింది. ‘నదికి వెళ్తే ఫోను ఎత్తవు, ఇంటికొస్తే మాట్లాడవు’ అన్నది ఆమె మాట. వీసా మీద వచ్చి ఉన్న ఈయన తల్లిగారిది ఇంకో మాట: ‘తినేదైతే పట్టు, పులుసు నేను పెడతా. తినని చేప నోట్లో ముల్లు గుచ్చి వదిలేయడమేంట్రా, అది ఆటా?’ పన్నెండేళ్ల కూతురు రెండుసార్లు వెంట వెళ్లింది. రెండోసారి ఆమె గాలం కొమ్మకు తగులుకుంటే ఈయన గట్టిగా అరిచారు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు.

ఇప్పుడు అడుగుతున్నారు: మానేయనా? డబ్బులిచ్చి ఒక రోజు గైడ్‌ను పెట్టుకోనా? కొలరాడో రాష్ట్రం వెళ్లి చల్లటి నీళ్లలో ట్రౌట్ చేపల మీద నేర్చుకుంటే తప్ప ఈ విద్య రాదంటున్నారు, నిజమేనా? అమ్మకు ఏం చెప్పాలి?

* * *

మీ ఉత్తరంలో రాడ్లు, లైన్లు, ఫ్లైల గురించి రెండున్నర పేజీలు ఉంది. పెద్దాయన పోవడం గురించి ఒక్కటే వాక్యం. ఆ వాక్యం అయ్యీ అవగానే లైన్ నంబర్ల గురించి మొదలుపెట్టారు. ఆయన పోయినప్పట్నుంచి మీరు చేస్తున్నదీ ఇదేనేమోనని నాకు అనుమానం. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు చేతి సంగతి చూద్దాం, అది తేలిగ్గా బాగయ్యేది.

మీకు గాలం వేయడం వచ్చు. ఆ వచ్చినదే ఇప్పుడు మీకు అడ్డం. కాలవ గట్టున గాలం వేసినప్పుడు సీసపు గుండుకో ఎరకో బరువుంటుంది. అది ముందు ఎగిరితే దారం దాని వెంట పోతుంది. ఫ్లైకి బరువే లేదు. ఒక కొక్కెం, దాని మీద నాలుగు ఈకలు, కాస్త నూలు. అక్కడ విసిరేది లైన్‌ని, అంటే దారాన్నే. 5 నంబరు లైన్ అంటే దాని మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగాలని లెక్క, అంటే దాదాపు 9 గ్రాములు. ఆ తొమ్మిది గ్రాములే మీ గుండు, కాకపోతే ముప్పై అడుగుల పొడుగునా పరుచుకుని ఉంది. అది వెనక్కి వెళ్లి దాదాపు పూర్తిగా చాచుకుంటేనే రాడ్ వంగుతుంది. రాడ్ వంగితేనే ముందుకు తోస్తుంది. మీ ఊళ్లో విసురువల వేసేవాళ్లను చూసే ఉంటారు. బరువు ఒక్కచోట ఉండదు, అంచంతా గుళ్లు. ఒళ్లు తిప్పి ఒక లయలో వదిలితే వల గొడుగులా విచ్చుకుంటుంది, తొందరపడితే ముద్దగా పడుతుంది. ఫ్లై కాస్టింగ్‌కి మీ తాతయ్య గాలం కంటే ఆ వలే దగ్గర చుట్టం.

కొరడా చప్పుడు ఎందుకు వస్తోందంటే, వెనక్కి వెళ్లిన లైన్ ఇంకా మడత విప్పుకోకముందే మీరు ముందుకు లాగేస్తున్నారు. కొస ఒక్కసారి గిర్రున తిరుగుతుంది, ఫ్లై తెగిపోతుంది. ఇందులో మీ తప్పు సగమే. మీరు చూసిన వీడియోల్లో వాళ్ల చేతుల్లో ఉన్నవి గ్రాఫైట్ రాడ్లు. 1970ల్లో గ్రాఫైట్ వచ్చిన దగ్గర్నుంచి రాడ్లు బిగువెక్కాయి, వేగం పెరిగింది. మీకు పెద్దాయన ఇచ్చింది గ్లాస్. అది పిడి దాకా వంగుతుంది, తీరిగ్గా లేస్తుంది. దాంతో విసిరేటప్పుడు వెనక ఇంకొక్క క్షణం ఆగాలి. ఆ క్షణం వీడియోల్లో ఉండదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మీరు ఒక రాడ్ పట్టుకుని ఇంకో రాడ్ లయలో విసిరారు.

ఇక కొత్తగా కొన్నది 8 నంబరు అని రాశారు. అది సముద్రపు చేపలకు, పెద్ద బ్యాస్ చేపలకు. శాన్ గేబ్రియల్‌లో అరచేయంత చేపల మీద ఆ లైన్ పడితే నీళ్ల మీద చెంబు విసిరినట్టుంటుంది. రసీదు ఉంటే, నీళ్లు తగలకపోతే, తిరిగిచ్చేయండి. తగిలితే అమ్మేయండి, కొంత నష్టపోతారు. ఉంచుకోవాలంటే ఉంచుకోవచ్చు, ఎప్పుడైనా టెక్సాస్ గల్ఫ్ తీరానికి వెళ్తే పనికొస్తుంది. అయితే ఇంటి పక్క నదిలో నేర్చుకోవడానికి మాత్రం అది అడ్డమే. 4 లేదా 5 నంబరు చాలు.

అభ్యాసం నదిలో కాదు, పెద్దాయన చేసినట్టే గడ్డిలో చేయండి. ఫ్లై బదులు కొసకు ఎర్ర ఉన్ని ముక్క కట్టండి. పాతికడుగుల లైన్ మించొద్దు. కాస్త పక్కకు తిరిగి నిలబడి, లైన్ వెనక్కి వెళ్లేటప్పుడు తల తిప్పి దాన్ని చూడండి. ఇది ఎవరూ చేయరు, సిగ్గు పడతారు. చూడండి. మడత విప్పుకుంటూ విప్పుకుంటూ, కొస ఇంకా కొద్దిగా వంకర ఉండగా ముందుకు కదలాలి. చెయ్యి మెల్లగా మొదలై, వేగం అందుకుని, తలుపు గడియ పడ్డట్టు టక్కున ఆగాలి. రోజూ పది నిమిషాలు. అరగంట చేస్తే మణికట్టు అలిసి చెడు అలవాటు వచ్చి కూర్చుంటుంది.

నది దగ్గర మీరు చేస్తున్న ఇంకో పని చదివి నవ్వుకున్నాను, ఏమనుకోకండి. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. నడుములోతు నీళ్లలోకి నడిచి, నది మధ్య నిలబడి, అవతలి గట్టు కింద పడేలా నలభై అడుగులు విసరడానికి అవస్థ పడుతున్నారు. చేపలు ఉండేది చాలావరకు మీరు తొక్కుకుంటూ నడిచిన చోటే. గ్వాడలూప్ బ్యాస్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, 1989 నుంచి టెక్సాస్ రాష్ట్ర చేప, ఈ రాష్ట్రం దాటితే ఎక్కడా దొరకదు. అది నిలవ నీటి చేప కాదు. పారే నీళ్లలో, రాయి పక్కన, వడి నీళ్లూ నెమ్మది నీళ్లూ ఒరుసుకునే గీత మీద కాపు కాస్తుంది. వడిలోంచి కొట్టుకొచ్చిన తిండి పట్టుకుని మళ్లీ రాయి చాటుకు పోతుంది. పెద్దగా పెరగదు కూడా. రాష్ట్ర రికార్డు 2014లో ఆస్టిన్ దిగువన కొలరాడో నదిలో (ఇది టెక్సాస్‌లోదే, కొలరాడో రాష్ట్రంలోది కాదు) పడింది, 3.71 పౌండ్లు. అంటే రెండు కిలోలు కూడా లేదు. దానికి నలభై అడుగులు అక్కర్లేదు. మోకాలి లోతు దాటకుండా, గట్టు వెంట, ప్రవాహానికి ఎదురు నడుస్తూ, ఇరవై అడుగుల్లో కనిపించే ప్రతి రాయి పక్కనా ఒక్కోసారి వేసుకుంటూ వెళ్లండి. చేప తల ప్రవాహానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి వెనక నుంచి వచ్చే మిమ్మల్ని అంత త్వరగా చూడదు. మీ నీడ మాత్రం నీళ్ల మీద పడనీయకండి. చెట్లు మరీ మీద పడే చోట వెనక్కి విసరక్కర్లేని రోల్ కాస్ట్ నేర్చుకోండి.

టైము మార్చుకోండి. జూన్‌లో టెక్సాస్ ఎండలో పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టడమంటే భోజనాలు అయిపోయాక పెళ్లికి వెళ్లినట్టు. తెల్లారే ముందు వెళ్లి ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉండండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది, కింద చెప్తాను.

ఇప్పుడు ట్రౌట్ ప్రశ్న. చల్లటి నీళ్లలో ట్రౌట్ పడితేనే ఫ్లై ఫిషింగ్, మిగతాది కాలక్షేపం అనే మాట మీకు ఎవరో చెప్పారు. అదో కులగర్వం లాంటిది, పట్టించుకోకండి. వెచ్చటి నదుల్లో బ్యాస్ మీద పెరిగిన విద్య వేరే ఉంది. ఇవాళ ఉప్పునీటిలో, మంచినీటిలో ప్రపంచమంతా వాడే క్లౌజర్ మిన్నో అనే ఫ్లైని పెన్సిల్వేనియాలో బాబ్ క్లౌజర్ తయారుచేసింది ట్రౌట్ కోసం కాదు, సస్కెహానా నదిలోని స్మాల్‌మౌత్ బ్యాస్ కోసం. ట్రౌట్ మీద నేర్చుకుంటే మీకు ఒక నష్టం కూడా ఉంది. ట్రౌట్ తాకగానే రాడ్ పైకెత్తుతారు. బ్యాస్‌కు నీళ్లలోపల నడిచే ఫ్లై వేసినప్పుడు రాడ్ ఎత్తితే ఫ్లై దాని నోట్లోంచి జారిపోతుంది. రాడ్ నీళ్లవైపే ఉంచి ఎడమ చేత్తో లైన్ లాగాలి. మీ మూడు చేపల లెక్క వెనక ఇది కూడా ఉందనుకుంటాను, ‘తగిలి పోయినవి’ పదికి పైనే అని మీరే రాశారు. ట్రౌట్ మీద మనసు పడితే కొలరాడో దాకా కూడా అక్కర్లేదు, శీతాకాలంలో కాన్యన్ డ్యామ్ కింద గ్వాడలూప్ నదిలో వదులుతారు. సరదాగా వెళ్లండి, అర్హత పరీక్షకు వెళ్లినట్టు మాత్రం వద్దు.

గైడ్ విషయం. ఐదారు వందల డాలర్లు పెడితే పడవలో కొలరాడో నది మీద ఒక పూట తిప్పుతారు, బహుశా చేపలు పడతాయి, ఫొటో వస్తుంది. నీళ్లను చదవడం ఎలాగో మంచి గైడ్ దగ్గర ఒక్క పూటలో చాలా తెలుస్తుంది, అది కాదనను. కానీ సోమవారానికి మీ బ్యాక్‌కాస్ట్, అంటే లైన్ వెనక్కి విసరడం, ఎప్పట్లాగే ఉంటుంది. పైగా పద్నాలుగు వందల బిల్లు మీద ఇంకో ఐదు వందలు పడితే ఇంట్లో ఏమవుతుందో నాకంటే మీకే తెలుసు. దానికంటే ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చిన కాస్టింగ్ టీచర్లు ఉంటారు. అలాంటి వాళ్ల దగ్గర గంటా రెండు గంటలు చాలా తక్కువలో అయిపోతుంది. మీ చెయ్యి పక్కనుంచి చూసే మనిషి కావాలి మీకు. అది వీడియో చేయలేదు.

మీ అమ్మగారి మాట దగ్గర ఆగుతాను. ‘చేపకు నొప్పి ఉండదమ్మా’ అని చెప్పానన్నారు. అలా చెప్పకండి. ట్రౌట్ మూతి చుట్టూ నొప్పిని పసిగట్టే నాడులున్నాయని 2003లోనే బ్రిటన్‌లో పరిశోధకులు చూపించారు. చేపకు అది మనకు తెలిసినట్టే తెలుస్తుందా అన్న దాని మీద వాదన ఇంకా నడుస్తోంది, కానీ ‘ఉండదు’ అని తేల్చేసే హక్కు మనకు లేదు. ఇంకో మాట. తినే ఉద్దేశం లేకుండా సరదాకి చేపను పట్టి వదలడం స్విట్జర్లాండ్, జర్మనీల్లో చట్టం ఒప్పుకోదు. మీ అమ్మగారు కోనసీమ నుంచి వచ్చి అన్న మాట వాళ్లు చట్టంలో రాసుకున్నారు. అమెరికాలో దీనికి ఎదురు వాదన బలంగా ఉంది: పట్టినవన్నీ తింటే చిన్న నదులు ఖాళీ అవుతాయి, వదిలితేనే రేపటికి ఉంటాయి, నదిని ప్రేమించే మనుషులుంటేనే నదికి రక్షణ. రెంటిలోనూ నిజం ఉంది. మీరు ఎటు నిలబడతారో మీరే తేల్చుకోవాలి.

వదలడానికే నిర్ణయించుకుంటే కొన్ని పద్ధతులు తప్పనిసరి. కొక్కెం ముల్లుకున్న గీరును పట్టకారుతో నొక్కేయండి. చెయ్యి తడిపి పట్టుకోండి, పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, అలిసిన చేపకు ఊపిరి అందదు. అందుకే ఆగస్టులో మధ్యాహ్నాలు మానేయాలి, పడ్డదాన్ని ఆడించకుండా త్వరగా దగ్గరికి లాగి నీళ్లలోనే ముల్లు తీసెయ్యాలి. లేదూ, అమ్మగారి మాటే సబబనిపిస్తే, గ్వాడలూప్ బ్యాస్‌ని వదిలేసి ఒక పూటకు సరిపడా సన్‌ఫిష్ ఇంటికి తేవచ్చు. రూల్సు, ఆ నీటి చేపల మీద ఆరోగ్య శాఖ హెచ్చరికలు చూసుకోండి. ముళ్లెక్కువ, కానీ చిన్న చేపల ఇగురుకు ముళ్లు లెక్కచేసే ఊరు కాదు మీది. అప్పుడు ఒక చిక్కు వస్తుంది: ఇంటికి తెచ్చే చేపను మీరే చంపాలి. కొందరు ఆ పని ఒకసారి చేశాక ఫ్లై ఫిషింగే మానేశారు, కొందరు అప్పట్నుంచి ఇంకా శ్రద్ధగా పట్టారు.

మీ భార్య సంగతికి వస్తే, ఆమె మాటల్లో మీరు డబ్బు విన్నారు, శనివారాలు విన్నారు. మీరే రాసిన ఇంకో సంగతి మీరు వినలేదు. ‘కిందటేడు జులై నుంచి నది అంటేనే చిరాకు పడుతోంది’ అన్నారు. 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నది పొంగి వంద మందికి పైగా పోయారు. మరుసటి రోజు మీ ఊరికి దగ్గర్లోనే శాండీ క్రీక్ అనే వాగు కూడా ప్రాణాలు తీసింది. అలాంటి ప్రాంతంలో భర్త ఫోను కారులో వదిలేసి నడుములోతు నీళ్లలో ఐదు గంటలు ఒంటరిగా నిలబడుతున్నాడు. ఆమెది చిరాకు కాదండీ, భయం.

భయానికి వాదన మందు కాదు, ఏర్పాటు కావాలి. నీటి మట్టం, ప్రవాహం యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) కొలమానాల్లో ఎప్పటికప్పుడు ఫోన్‌లో కనిపిస్తాయి. శాన్ గేబ్రియల్ కొలమానం ఆమె ఫోన్‌లో పెట్టండి, వెళ్లే ముందు ఇద్దరూ చూడండి. ఎగువన వాన పడితే ఆ రోజు నది లేదు, ఇక్కడ ఎండగా ఉన్నా సరే. ఫోను వాటర్‌ప్రూఫ్ సంచిలో మెడలో ఉండాలి. ఏ చోట దిగుతారో, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్లండి, ఆ టైముకే రండి. తెల్లారుజామున వెళ్లి ఎనిమిదిన్నరకు రావడంలో రెండో లాభం ఇదే: ఆమె లేచి కాఫీ తాగేసరికి మీరు ఇంట్లో ఉంటారు, శనివారం మిగులుతుంది. బిల్లు గురించి మాత్రం ఏర్పాటు లేదు, క్షమాపణే. ‘నా డబ్బు నేను పెట్టుకున్నా’ అనే వాక్యం మీ ఉత్తరంలో ఒకసారి కనిపించింది. అది ఇంట్లో అనకుండా ఉంటే మంచిది.

అమ్మాయిని మళ్లీ రమ్మనాలంటే ముందు ఆమెకు సారీ చెప్పాలి, కొమ్మకు తగిలినందుకు అరిచిన తండ్రి వారానికి పదిసార్లు అదే చెట్టుకు తగిలించుకుంటాడని ఒప్పుకుంటూ చెప్పాలి. రానంటే బలవంతం వద్దు. వస్తే ఆ రోజు మీరు రాడ్ పట్టుకోకండి. జార్జ్‌టౌన్‌లో శాన్ గేబ్రియల్ రెండు పాయలు కలిసే దగ్గర పార్కు ఉంది, గట్టు నుంచే వేయొచ్చు. పదిహేడేళ్ల లోపు పిల్లలకు లైసెన్స్ అక్కర్లేదు. చిన్న పాపర్ కట్టండి, నురుగు రబ్బరుతో చేసిన తేలే బొమ్మ అది. నీళ్ల మీద పడగానే గుండ్రంగా అలలు లేస్తాయి. వెంటనే లాగాలనిపిస్తుంది. లాగొద్దు. ఆ వలయాలు పూర్తిగా మాసిపోయేదాకా ఆగమనండి. అప్పుడు ఒక్క చిన్న కుదుపు, ‘బుడుక్’ మనాలి. మళ్లీ ఆగాలి. సన్‌ఫిష్ కింద నుంచి వచ్చి దాన్ని చాలాసేపు చూస్తుంది, రెక్కలు మాత్రం ఆడుతుంటాయి. నీళ్లు తేటగా ఉంటే ఆమెకు అది కనిపిస్తుంది. ఆ రెండు క్షణాలు చూసిన పిల్లలు మళ్లీ రాకుండా ఉండరు.

ఈ కాలంలో గులకరాళ్ల మీద పళ్లెంలా చదును చేసిన గుండ్రటి మచ్చలు కనిపిస్తే అవి గూళ్లు. మగ చేప గుడ్లకు కాపలా ఉంటుంది కాబట్టి దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తుంది. ఒకటి రెండు పట్టి పక్కకు నడవండి. దాన్ని ఎక్కువసేపు తప్పిస్తే మిగతా చేపలు గుడ్లు తినేస్తాయి. ఈ మాట మీ అమ్మాయి చేత నానమ్మకు చెప్పించండి.

మానేయాలా అన్నారు. ఈ వేసవికి మానేయడం కూడా తప్పేమీ కాదు. సెప్టెంబరు చివర్లో నీళ్లు కాస్త చల్లబడతాయి, అప్పటిదాకా గడ్డిలో ఉన్ని ముక్కతో ఆడుకోవచ్చు. ఇల్లు కుదుటపడుతుంది. భయం ఒక్కటే: మీరు ఆపితే పెద్దాయన్ని వదిలేసినట్టు అనిపిస్తుంది. అందుకే కదా ఒక్క శనివారం కూడా మానంది. ఆయన ఇచ్చిన రాడ్ విరగ్గానే వారంలో పద్నాలుగు వందలు ఖర్చు పెట్టారు, రిపేరు గురించి ఎవర్నీ అడగలేదు. ఆయన భార్య ఇంకా పక్కింట్లోనే ఉన్నారని రాశారు, ఆమె కనిపిస్తే తప్పించుకుని గ్యారేజీలోంచి వెళ్తున్నారని కూడా. రాడ్ విరిగిందని వెళ్లి చెప్పండి. చెప్పకుండా ఉంటే ఆ గ్యారేజీ దారి మీకు అలవాటైపోతుంది. చెబితే ఆమె నొచ్చుకోవచ్చు, నవ్వనూ వచ్చు. ఆయన ఎన్ని రాడ్లు విరగ్గొట్టారో ఆమెకు లెక్క ఉండే ఉంటుంది.

కొస రెండంగుళాలు పోతే గ్లాస్ రాడ్ బాగుపడుతుంది. విరిగిన చోట నునుపు చేసి, చివరి రింగు వేడితో కరిగే జిగురుతో మళ్లీ అతికిస్తారు. కాస్త పొట్టిదవుతుంది, కొస కొద్దిగా బిరుసెక్కుతుంది, అంతే. డిక్కీలో ఆ ముక్క ఇంకా ఉంటే పారేయకండి. దాని మీది రింగు తీసి వాడొచ్చు.